నాయినతో రాచకొండ: దిగుడు లెక్క తేలాకే ఎక్కుడు

బాలాపూర్ అనగానే అందరికీ లడ్డూ వేలం గుర్తొస్తుంది. 1994లో 450 రూపాయలతో మొదలైన పాట ఇప్పుడు లక్షల్లో నడుస్తోంది. కానీ మా ఊళ్లో ఉండేవాళ్లకు ఇంకో లాభం కూడా ఉంది. పొద్దున్నే బండి తీసి సాగర్ రోడ్డు ఎక్కితే ఇబ్రహీంపట్నం, మంచాల దాటి రాచకొండ గుట్టల్లోకి వెళ్లిపోవచ్చు. ఆఫీసు దోస్తులతో నాలుగైదుసార్లు పోయొచ్చాను. ఈసారి నాతో వచ్చింది మా నాయిన. వయసు 67. షుగర్, బీపీ రెండూ ఉన్నాయి.

నాయిన పుట్టి పెరిగింది మంచాల వైపే. చిన్నప్పుడు మేకల వెంట తిరుగుతూ దూరం నుంచి చూసిన గుట్టలు అవి. "మోకాళ్లు పూర్తిగా పోకముందే ఒక్కసారి తీస్కపో బిడ్డా" అని రెండేళ్లుగా అడుగుతున్నాడు. అమ్మకేమో అస్సలు ఇష్టం లేదు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. అందుకే పోవాలా వద్దా అనే గొడవ పక్కనపెట్టి, ఎంతవరకు పోవచ్చో చూద్దాం అనుకున్నాం.

రాచకొండే ఎందుకు?

దగ్గర్లో భువనగిరి కోట కూడా ఉంది. మాలావత్ పూర్ణ 2014లో ఎవరెస్ట్ ఎక్కడానికి ముందు ట్రైనింగ్ తీసుకుంది అక్కడే. కానీ అది ఏకశిల. నున్నటి బండ మీద ఏటవాలు ఎక్కువ, నీడ తక్కువ. మోకాళ్ల నొప్పులున్న మనిషికి అది మొదటి ట్రెక్‌గా సరిపడదు అనిపించింది.

రాచకొండ వేరే రకం. కాకతీయుల తర్వాత, 14వ శతాబ్దంలో రేచర్ల పద్మనాయకులు రాజధాని చేసుకున్న చోటు ఇది. సున్నం పెట్టకుండా పెద్ద పెద్ద రాళ్లను ఒకదానిమీద ఒకటి పేర్చి కట్టిన గోడలు, ఒకే రాయితో చెక్కిన స్తంభాలు, దూలాలతో నిలబెట్టిన ద్వారాలు ఉంటాయి. దారిలో ఒక్కో ద్వారం తగులుతూ ఉంటుంది. ప్రతి ద్వారం దగ్గరా ఆగొచ్చు, చాలనుకుంటే అక్కడి నుంచే తిరగొచ్చు. శిఖరం దాకా పోకపోయినా కోట చూసినట్టే. పెద్దవాళ్లతో పోయేటప్పుడు ఇలాంటి చోటే ఎంచుకోండి.

ఆరు వారాల ముందు

మొదట డాక్టర్‌ను కలిశాం. ఈసీజీ తీయించాం, ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో అడిగి రాసుకున్నాం. కొన్ని బీపీ మాత్రలు ఒంట్లో నీళ్లను బయటికి పంపుతాయి. కొన్ని గుండె వేగాన్ని పెరగనివ్వవు. అలాంటి మాత్రలు వాడేవాళ్లకు స్మార్ట్‌వాచ్‌లో పల్స్ మామూలుగా కనిపించినా ఒళ్లు అలసిపోయి ఉండొచ్చు. అందుకని మేం మాట పరీక్ష పెట్టుకున్నాం. నడుస్తూ ఒక పూర్తి వాక్యం ఆయాసం లేకుండా చెప్పగలిగితే ఓకే. మధ్యలో ఊపిరి కోసం ఆగితే కూర్చోవాలి.

రోజూ పొద్దున కాలనీలో నడక, వారానికి మూడు రోజులు మా బిల్డింగ్ మెట్లు. ఎక్కడం కంటే దిగడమే ఎక్కువ ప్రాక్టీస్ చేయించాను. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, దిగేటప్పుడు భారమంతా మోకాళ్ల మీద, తొడల మీద పడుతుంది. చాలామంది జారిపడేది కూడా తిరుగుదారిలోనే. "గుట్టలెక్కుడు నాకు కొత్తనా రా?" అన్నాడు నాయిన. చేతికర్ర పట్టుకోవడానికి మొహమాటపడ్డాడు. నేనూ ఒకటి పట్టుకున్నాక ఇంకేం అనలేదు.

టైమ్ లెక్క

1892లో స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ ఒక సూత్రం చెప్పాడు. గంటకు 5 కిలోమీటర్ల నడక, దానికి తోడు ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట. అంటే 2 కిలోమీటర్ల దారి, 150 మీటర్ల ఎత్తు అయితే దాదాపు 40 నిమిషాలు. అది గట్టి మనిషి లెక్క. నేను దాన్ని రెండింతలు చేశాను. దిగడానికీ అంతే టైమ్ పెట్టాను. నవంబర్‌లో పోయాం కాబట్టి ఆరున్నరకు వెలుతురు వస్తుంది. ఎండ ముదరకముందే కిందికి రావాలంటే తొమ్మిదికి ఎక్కడ ఉంటే అక్కడి నుంచి తిరగాలి. ఈ మాట ఇంట్లోనే, అమ్మ ముందే ఖాయం చేసుకున్నాం.

బ్యాగులో ఉన్నవి: మనిషికి రెండు లీటర్ల నీళ్లు, ఓఆర్ఎస్, గ్లూకోమీటర్, చక్కెర పొట్లం, మాత్రల చిట్టా, ఫుల్ ఛార్జ్ ఫోన్, ఆఫ్‌లైన్ మ్యాప్. షుగర్ మాత్రలు వాడేవాళ్లు ఎక్కువ నడిస్తే షుగర్ పడిపోవచ్చు. చెమట, వణుకు, తికమక కనిపిస్తే మూడు నాలుగు చెంచాల చక్కెర ఇచ్చి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడాలి. బిస్కెట్ నెమ్మదిగా పనిచేస్తుంది, అది తర్వాత.

ఛాతీ పట్టేసినట్టున్నా, ఎడమ చెయ్యి లాగినా, చల్లటి చెమట పట్టినా నడక ఆపేసి 108కి ఫోన్ చేయాలి. కానీ అంబులెన్స్ రోడ్డు దాకే వస్తుంది. గుట్ట మీద మా ఫోన్లకు ఒకచోట సిగ్నల్ ఉంటే ఇంకోచోట లేదు. అందుకే సిగ్నల్ దొరికిన చోటల్లా అమ్మకు లొకేషన్ పంపాను. ఎనిమిదిన్నర దాటాక మెసేజ్ రాకపోతే ఎవరికి చెప్పాలో కూడా రాసిచ్చాం.

తొమ్మిదికి పది నిమిషాలు

పై ద్వారం కనబడుతోంది. నాయిన ఒక రాతి మీద కూర్చుని తన ఊరు ఏ దిక్కో చూపిస్తున్నాడు. వాక్యం రెండుచోట్ల తెగింది. షుగర్ చూస్తే బాగానే ఉంది, ఛాతీలో నొప్పి లేదు. మోకాళ్లు మాత్రం వణుకుతున్నాయి.

"ఇంకింతే కదా, పోదాం" అన్నాడు.

"పోవచ్చు నాయినా. దిగుడెట్ల?"

ఆయన మెట్ల వైపు చూసి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత కర్ర తీసుకుని తనే ముందు కిందికి అడుగేశాడు. దారిలో మూడుసార్లు ఆగాం. నాలుగోసారి ఆగింది మాత్రం అలసిపోయి కాదు. ఆ గోడ రాళ్లకు సున్నం లేదని అప్పుడే చూశాడు. చిన్నప్పుడు పొలం గట్టుకు తన తండ్రి రాళ్లు ఎట్లా పేర్చేవాడో, ఏ రాయి కింద ఏ రాయి పెట్టాలో చేత్తో చూపిస్తూ చెప్పాడు. మా తాత గురించి ఆ సంగతి నేను విన్నది అదే మొదటిసారి.

మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు ఏదో ఒక గుట్ట పేరు చెబుతూనే ఉంటారు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా చల్లగా ఉంటుంది. ఆరు వారాల ముందు మెట్లతో మొదలుపెట్టండి.