పాస్‌వర్డ్ కరెక్టే, వైఫై రాలే

మా హాస్టల్ డెస్క్‌టాప్‌ను ఉబుంటు 22.04కి అప్‌గ్రేడ్ చేసినప్పటి నుంచి కాలేజీ వైఫై కలుస్తలేదు. పాస్‌వర్డ్ మళ్లీ మళ్లీ అడుగుతది. ఫోన్‌లో అదే పాస్‌వర్డ్‌తో వస్తది. స్కాలర్‌షిప్ ఫారానికి రెండు రోజులే టైం. ల్యాబ్‌లో అడిగితే "మీవాళ్లకు టైపింగే సరిగా రాదు" అన్నడు ఒకాయన. ఆ 'మీవాళ్లు' అంటే ఎవరో మనకు తెలుసు.

సీనియర్ అక్క లాగ్ చూడమన్నది. ముందు సర్వర్‌తో టీఎల్‌ఎస్ కనెక్షన్ కుదరాలి, పాస్‌వర్డ్ పోయేది ఆ తర్వాతే. మాది అక్కడిదాకా పోనేలేదు. 22.04తో వచ్చే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3 పాత రకం రీనెగోషియేషన్‌ను ఒప్పుకోదు, కాలేజీ సర్వర్‌కు ఆ పాతదే వచ్చు. కాన్ఫిగ్ ఫైల్‌లో 'అన్‌సేఫ్‌లెగసీరీనెగోషియేషన్' ఆప్షన్ పెడితే కలిసింది. పేరులోనే అన్‌సేఫ్ ఉంది కదా, ఫారం పంపినంక తీసేసిన. సర్వర్ అప్‌డేట్ చేయమని అర్జీ రాసి, లాగ్ ప్రింట్ జతచేసి ఆఫీసులో ఇచ్చిన. నా కాపీ మీద ముద్ర కూడా వేయించుకున్న.