పార్సెల్ "పోయింది" అంటే చాలదు

"పోయింది" చాలా మెత్తని మాట. పార్సెల్ పోయింది అంటే ఎవరు తీశారో చెప్పక్కర్లేదు. మా బాగన్ దాతుక్‌లో కొబ్బరి తోటల పక్కన ఇళ్లు దూరదూరంగా ఉంటాయి. ఇంట్లో ఎవరూ లేకపోతే కొరియర్ అబ్బాయి పార్సెల్ వసారాలో పెట్టి, ఫోటో తీసి వెళ్లిపోతాడు. సాయంత్రానికి ఫోటో ఉంటుంది, పార్సెల్ ఉండదు.

మలాయ్‌లో దీన్ని "చూరి" అంటాం. తెలుగు "చోరీ"కి చుట్టంలా ఉంది కదా! కానీ చట్టం ఇంకా అడుగుతుంది: ఎవరు తీశారు, ఎలా తీశారు? అందుకే ఈసారి మూడు క్రియలు నేర్చుకుందాం.

దొంగిలించు. ఒకరి దగ్గరున్న వస్తువును, వాళ్ల అనుమతి లేకుండా, చెడ్డ బుద్ధితో కదిపితే దొంగతనమే. ఇది మలేసియా శిక్షాస్మృతి 378వ సెక్షన్. శిక్ష 379లో ఉంది: 7 ఏళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. వస్తువు ఖరీదెంత అని ఆ సెక్షన్ అడగదు. నివాసం ఉండే ఇంట్లోంచి తీస్తే 380: 10 ఏళ్ల దాకా జైలు, జరిమానా కూడా.

కాజేయు. నమ్మి చేతికిచ్చింది మింగేయడం. యజమాని అప్పగించిన పార్సెల్‌ను ఉద్యోగి కాజేస్తే 408: ఏడాది నుంచి 14 ఏళ్ల దాకా జైలు, పైగా బెత్తం దెబ్బలు. ఆ బెత్తమే మనం ఇంట్లో అనే "రోతాన్".

ఉంచేసుకొను. పక్కింటి పార్సెల్ పొరపాటున మనకొచ్చింది. మనది కాదని తెలిసీ వాడేసుకున్నాం. దీనికి 403: 6 నెలలకు తగ్గకుండా 5 ఏళ్ల దాకా జైలు, బెత్తం దెబ్బలు. నాకు ఇదే ఆశ్చర్యం. మొదటిసారి దొంగతనం జరిమానాతో ముగియవచ్చు, ఇది ముగియదు.

తెలుగు పేపర్లు చదివేవాళ్లకు 379 అనే అంకె కొత్త కాదు. మన చట్టం 1860 నాటి భారత శిక్షాస్మృతి నమూనాలో తయారైంది. అక్కడా దొంగతనానికి అదే అంకె ఉండేది, కానీ శిక్ష 3 ఏళ్ల దాకానే. 2024 జూలై 1 నుంచి అక్కడ కొత్త చట్టంలో అది 303 అయింది.

ఈ అంకెలన్నీ నేను చదివింది అమ్మమ్మ కోసం. శ్రీకాకుళం నుంచి చుట్టాలు పంపిన పొందూరు చీర మా వసారాలోంచి పోయింది. ఎదురింటి కెమెరాలో వెనక వీధి కుర్రాడు కనిపించాడు. వయసు పదిహేను.

"పోలీసులకు చెప్తే ఏటవుద్ది?" అంది అమ్మమ్మ.

"పెద్దవాళ్లకైతే ఏడేళ్ల దాకా జైలు, అమ్మమ్మా. వాడికి పద్దెనిమిది నిండలేదు కాబట్టి పిల్లల కోర్టు. మందలించి వదలొచ్చు, పూచీ రాయించుకోవచ్చు, పిల్లల్ని దిద్దే బడికి పంపొచ్చు."

"తర్వాత మనం వద్దంటే ఆపేస్తారా?"

"మన చేతిలో ఉండదు. ప్రాసిక్యూటర్ ఇష్టం."

అమ్మమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పులేసుకుంది. "ముందు ఆడి తల్లితో మాట్లాడొస్తాను."

చీర తిరిగి వచ్చింది, కవరు చిరిగి. కానీ అదే వీధిలో మందుల పార్సెల్ పోగొట్టుకున్న ఆంటీ రిపోర్టు ఇచ్చారు. ఆవిడ తప్పు చేశారని నేను అనను. మందులు లేక ఆవిడకు నాలుగు రోజులు గడిచాయి.

ఒకటి గమనించాను. అమ్మమ్మ ఆ కుర్రాణ్ణి ఒక్కసారి కూడా "దొంగ" అనలేదు. "తీసాడు" అంది. "దొంగ" మనిషికి అంటుకునే పేరు. "తీసాడు" ఒక రోజు చేసిన పని. పదిహేనేళ్ల వాడి గురించి మాట్లాడేటప్పుడు నేను కూడా క్రియే వాడతాను.

మీ వంతు: దొంగిలించు, కాజేయు, ఉంచేసుకొను. ఒక్కోదానితో ఒక వాక్యం రాయండి. ఎవరు తీశారో, ఎవరిది తీశారో రెండూ ఉండాలి.