పెరుగు మంచిదే... మరి డాక్టరుకు చెప్పారా?

కడుపులో ఏ కాస్త తేడా వచ్చినా మనం ముందుగా చెయ్యి పెట్టేది పెరుగు గిన్నెలోనే కదండీ! పిల్లలకు విరేచనాలైతే పెరుగన్నం, ఎండన పడి వస్తే ఉప్పేసిన మజ్జిగ. మా చిత్తూరు వైపైతే ఇక చెప్పనే అక్కర్లేదు. రాత్రి మిగిలిన రాగిసంగటిని తెల్లారి మజ్జిగలో పిసుక్కుని, పచ్చి ఎర్రగడ్డ నంజుకుని తాగితే మధ్యాహ్నం దాకా ఆకలి మాటే ఉండదు. అలాంటి ఇంట పుట్టి, అలాంటి ఇంటనే మెట్టిన నేను ఈ పెరుగు సంగతిలోనే పొరపాటు చేస్తానని కలలో కూడా అనుకోలేదు. ఆ పొరపాటేమిటో మీతో చెప్పుకుంటే మరొకరింట్లో జరక్కుండా ఉంటుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మేముండేది తిరుపతిలో. మా అత్తగారు పాకాల దగ్గర పల్లెలో ఉండేది. అరవై దాటినా ఒక పూట ఖాళీగా కూర్చునే మనిషి కాదు. 2023లో ఆమెకు విరేచనంలో రక్తం పడటం మొదలైంది. "వేడి చేసిందిలే అమ్మీ" అని తీసిపారేసింది. మేమూ మొలలే అనుకున్నాం. మొలలకు మందిస్తామని రోడ్డు పక్కన బోర్డులు మీరు చూసే ఉంటారు. అలాంటి ఒకచోట పొడి తెచ్చి మజ్జిగలో కలిపి ఇచ్చాం. రెండు వారాలు తగ్గినట్టుండేది, మళ్ళీ మొదలయ్యేది. ఇలా అయిదు నెలలు గడిచిపోయాయి. మనిషి చిక్కిపోయి, నాలుగడుగులు వేస్తే ఆయాసపడుతుంటే అప్పుడు తిరుపతికి తీసుకొచ్చాం. రక్తం బాగా తగ్గిపోయిందన్నారు. కొలనోస్కోపీ చేసి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. పెద్దపేగు క్యాన్సర్!

ఆ మాట విన్న రోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఆపరేషన్ చేసి ఆ భాగం తీసేశారు. తర్వాత కీమో. మూడు వారాలకొకసారి ఆక్సాలిప్లాటిన్ అనే మందు సెలైన్‌లో ఎక్కించేవారు. దానితోపాటు కాపెసిటబిన్ మాత్రలు పద్నాలుగు రోజులు వేసుకోవాలి, తర్వాత వారం విరామం. ఆ సెలైన్ మందుతో ఒక విచిత్రం ఉంది. అది ఎక్కించిన కొన్ని రోజులు చల్లటి వస్తువు ముట్టుకుంటే వేళ్ళు జివ్వుమంటాయి, చల్లటిది తాగితే గొంతు పట్టేసినట్టవుతుంది. నాకది తెలియక ఫ్రిజ్‌లోంచి తీసిన మజ్జిగ గ్లాసు చేతికిస్తే, పాపం, కరెంటు షాకు కొట్టినట్టు వదిలేసింది. అప్పటినుంచి ఏదైనా గది వేడికి వచ్చాకే ఇచ్చేదాన్ని.

రెండో విడతలో, మాత్రలు మొదలుపెట్టిన ఎనిమిదో రోజున విరేచనాలు పట్టుకున్నాయి. రోజుకు అయిదారు సార్లు. ఇలా అయితే వెంటనే ఫోన్ చెయ్యాలని ఆసుపత్రిలో కాగితం మీద రాసిచ్చారు కూడా. అదే సమయానికి మా ఆడబిడ్డ ప్రోబయాటిక్ పొడి ప్యాకెట్లు తెచ్చింది. "ఇందులో కోట్ల మంచి క్రిములుంటాయంట వదినా, పేగుకు బలమంట, క్యాన్సర్‌నే తగ్గిస్తుందంట" అంది. నాకూ సబబుగానే తోచింది. పెరుగులో ఉండేదీ మంచి క్రిములే కదా, పెరుగు మంచిదైతే ఇదింకా మంచిదే కదా అనుకున్నాను. డాక్టరుకు చెబితే వద్దంటారేమోనన్న అనుమానం మనసులో ఓ మూల లేకపోలేదు. అందుకే చెప్పలేదు. పొడి పని చేస్తుందేమోనని చూస్తూ నాలుగు రోజులు ఫోనూ చెయ్యలేదు. మాత్రలు మాత్రం వేస్తూనే ఉన్నాను.

అయిదో రోజు రాత్రి 101 జ్వరం. ఆసుపత్రికి పరుగెత్తాం. తెల్ల రక్తకణాలు బాగా పడిపోయాయన్నారు. ఆ కణాలే కదండీ ఒంట్లోకి వచ్చిన క్రిములతో పోరాడేవి! వెంటనే యాంటీబయాటిక్స్, సెలైన్ పెట్టారు, మాత్రలు ఆపేశారు. "ఇంట్లో వేరే మందులేమైనా ఇస్తున్నారా అమ్మా?" అని డ్యూటీ డాక్టరు అడిగాడు. లేదన్నాను. మా ఆయన ముందు, ఆడబిడ్డ ముందు ఒప్పుకోవడానికి నోరు రాలేదు. ఆ రాత్రి మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఆమె ముఖం చూస్తుంటే నా అబద్ధం నన్నే పొడిచింది. తెల్లారి పెద్ద డాక్టరు రాగానే ప్యాకెట్ చేతికిచ్చి అంతా చెప్పేశాను.

ఆయన కోప్పడలేదు. రక్త పరీక్షలో ఆ క్రిములేవీ కనిపించలేదు కాబట్టి జ్వరం దానివల్లే వచ్చిందని చెప్పలేమన్నారు. కానీ ఇవి బతికున్న క్రిములనీ, ఆరోగ్యవంతులకు మేలు చేసేవే అయినా తెల్లకణాలు పడిపోయిన రోగి ఒంట్లో అరుదుగా రక్తంలోకి చేరి జబ్బు చేయగలవనీ చెప్పారు. చివర్లో ఆయన అడిగింది ఇప్పటికీ నా చెవుల్లో మోగుతూనే ఉంది. "పొడి సంగతి అలా ఉంచమ్మా, నాలుగు రోజులు ఫోన్ ఎందుకు చెయ్యలేదు?"

నా దగ్గర జవాబు లేదు. మజ్జిగలో కలిపిన మొలల పొడి అయిదు నెలలు మమ్మల్ని డాక్టరు దగ్గరికి పోనివ్వలేదు. ఈ ప్యాకెట్ నాలుగు రోజులు ఫోన్ చెయ్యనివ్వలేదు. రెండూ చేసిన హాని ఒక్కటే!

అయిదు రోజులకు ఆమె కోలుకుని ఇంటికొచ్చింది. ఆ తర్వాత నేను ఆ ఆసుపత్రిలో డైటీషియన్ను అడిగి, మా అబ్బాయి చేత చదివించుకుని తెలుసుకున్న సంగతులు మీకూ చెబుతాను.

ఈ మంచి క్రిముల మాట కొత్తదేం కాదు. పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో పనిచేసిన రష్యా శాస్త్రవేత్త మెచ్నికాఫ్, బల్గేరియా పల్లెవాళ్ళు ఎక్కువకాలం బతకడానికి పులిసిన పాలే కారణం కావచ్చని నూరేళ్ళ కిందటే రాశాడు. రోగనిరోధక శక్తి మీద చేసిన పనికి 1908లో నోబెల్ బహుమతి పొందినవాడాయన. 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ పిలిచిన నిపుణులు ప్రోబయాటిక్ అంటే ఏమిటో తేల్చారు. తగినంత సంఖ్యలో తీసుకుంటే ఆరోగ్యానికి మేలు చేసే బతికున్న సూక్ష్మజీవులు అని. ఈ లెక్కన మన ఇంటి పెరుగు పోషకాహారమే అయినా, అందులో ఏ జాతి క్రిములు ఎన్ని ఉన్నాయో ఒక్కో ఇంటి తోడుకు ఒక్కో రకం. దాన్ని మందుగా లెక్కకట్టలేం.

మరి క్యాన్సర్‌లో ఇవి అసలు పనికిరావా? అలా కూడా కాదు. ఫిన్లాండ్‌లో పెద్దపేగు, పురీషనాళం క్యాన్సర్‌కు కీమో తీసుకుంటున్న 150 మందిని పరిశీలించి 2007లో ఫలితాలు ప్రకటించారు. లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జీజీ అనే ఒక జాతిని తీసుకున్నవాళ్ళలో నూటికి 22 మందికి తీవ్రమైన విరేచనాలయ్యాయి. తీసుకోనివాళ్ళలో నూటికి 37 మందికి అయ్యాయి. మంచి మాటే కదా! కానీ గమనించండి. తగ్గింది విరేచనాల బాధ, క్యాన్సర్ కాదు. ఇచ్చిందీ ఒకే జాతిని, డాక్టర్ల కళ్ళ ముందు. మా ఆడబిడ్డ తెచ్చిన ప్యాకెట్ మీద అసలు ఆ పేరే లేదు.

తర్వాతి విడతలో కీమో మోతాదు తగ్గించారు. నేను ప్రతిసారీ రక్త పరీక్ష కాగితం చూపించి "ఈ వారం పెరుగు పెట్టొచ్చా?" అని అడిగేదాన్ని. కణాలు బాగున్న రోజుల్లో పెట్టమనేవారు, పడిపోయిన రోజుల్లో ఆగమనేవారు. పెట్టమన్నప్పుడు పాలు బాగా మరిగించి, శుభ్రమైన గిన్నెలో తోడేసి, ఏ రోజుది ఆ రోజే వాడేశాను. రాత్రంతా బయట నానిన సద్ది మాత్రం ఆ ఆరు నెలలూ బంద్. అత్త అలిగింది. "సంగటి, మజ్జిగ తిని బతికినదాన్ని, నాకేమవుతాది?" అని దెబ్బలాడింది. "కీమో అయిపోయాక ఎంత కావాలంటే అంత తిందువుగానిలే" అని బుజ్జగించేదాన్ని.

మీ ఇంట్లో ఎవరైనా ఈ చికిత్సలో ఉంటే ఈ నాలుగూ గుర్తుంచుకోండి. విరేచనాలు మామూలు కన్నా నాలుగుసార్లు ఎక్కువైతే ఆ రోజే ఫోన్ చేసి, మాత్ర ఆపాలా అని అడగండి. ఈలోగా ఓఆర్ఎస్ పట్టించండి. ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, రెండూ తలగొట్టి కొలిచి కలపండి. జ్వరం 100.4 దాటితే తెల్లారేదాకా ఆగకండి. పొడులు, కషాయాలు, క్యాప్సూల్స్ ఏవి ఇస్తున్నా డాక్టరు దగ్గర దాచకండి.

ఇక రక్తం పడితే మొలలేనని మీకు మీరే తేల్చేయకండి. మనకిప్పుడు దూరాభారం కూడా లేదు. 1993లో మొదలైన స్విమ్స్ తిరుపతిలోనే ఉంది. అలిపిరి దగ్గర టాటా ట్రస్టులు కట్టించిన క్యాన్సర్ ఆసుపత్రి 2022లో తెరుచుకుంది. చిత్తూరు వాళ్ళకు వేలూరు సీఎంసీ ఎప్పటినుంచో ఉండనే ఉంది.

2024లో అత్తకు కీమో పూర్తయింది. ఇప్పుడు పరీక్షలకు పిలిచినప్పుడల్లా వెళ్ళొస్తున్నాం. డాక్టరు సరేనన్న రోజున పిడత నిండా మజ్జిగ, అందులో సంగటి, పక్కన ఎర్రగడ్డ పెట్టిచ్చాను. ఒక గుక్క తాగి, "అమ్మీ, ఉప్పు తక్కువేసినావే" అంది. ఆ వంక పెట్టడం కోసం నేనెన్ని నెలలు ఎదురుచూశానో ఆమెకేం తెలుసు!