ఏడులో నాలుగు, పన్నెండులో ఏడు

శాన్‌ఫ్రాన్సిస్కో అనగానే మీకేం గుర్తొస్తుంది? చెప్పక్కర్లేదు లెండి, ఆ ఎర్ర వంతెన. మీ అబ్బాయో అమ్మాయో ఆ పక్కనే ఉన్న ఫ్రీమాంట్‌లో ఉంటే దాని ముందు నిలబడి దిగిన ఫొటో మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. వంతెన స్తంభాల ఎత్తు 746 అడుగులు. అదే ఊళ్ళో కొండ నెత్తిన 977 అడుగుల పెద్దమనిషి ఒకాయన మూడు కాళ్ళ మీద నిలబడి ఉన్నాడు. ఆయన్నెప్పుడైనా పలకరించారా? లేదు కదూ! నా ఫిర్యాదు అదే.

ఆయన పేరు సూట్రో టవర్. ఒంటి నిండా నారింజ, తెలుపు పట్టీలు. అలంకారానికి కాదండోయ్, విమానాలకి కనబడాలని. ఊళ్ళో పెద్ద టీవీ స్టేషన్లు చాలావరకు, కొన్ని ఎఫ్ఎమ్ స్టేషన్లు ఆయన భుజాల మీంచే మాట్లాడతాయి. కట్టిన కొత్తలో ఇరుగుపొరుగు గగ్గోలు పెట్టారు. హెర్బ్ కేన్ అని ఆ ఊళ్ళో పేరుమోసిన కాలమిస్టు ఉండేవాడు. ఈ టవర్ ఎప్పుడు కొండ దిగి వెళ్ళి గోల్డెన్ గేట్ వంతెన మీద పడుతుందా అని చూస్తున్నానన్నాడు! ఇప్పుడో? టీషర్టుల మీద అదే, కాఫీ కప్పుల మీద అదే. పచ్చబొట్టు పొడిపించుకున్నవాళ్ళూ ఉన్నారు. జనం సంగతి తెలిసిందేగా.

అసలు అంత ఎత్తు దేనికంటారా? ఆ ఊరి వీధులు ఎప్పుడైనా నడిచి చూడండి. ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. మన మోకాళ్ళకి ఎంత ఇబ్బందో టీవీ తరంగాలకీ అంతే. కొండ అడ్డొస్తే వెనకవీధి ఇంటికి బొమ్మ రాదు. వచ్చినా ఒక మనిషి పక్కన అదే మనిషి నీడ. ఈ బాధ మనకి కొత్తా? శుక్రవారం చిత్రలహరి వేళకి ఒకరు మేడెక్కి యాంటెన్నా తిప్పడం, కిందనుంచి ఇంకొకరు “ఆఁ, ఆఁ, వచ్చింది... అయ్యో, పోయింది!” అని కేకలు. అక్కడా అదే గోల. చివరికి పెద్ద స్టేషన్లు కొన్ని కలిసి ఒకే టవర్ ఎక్కుదామనుకున్నాయి. 1973 జులై 4న ప్రసారాలు మొదలయ్యాయి.

సూట్రో ఎవరనా? నెవాడా వెండి గనులకి సొరంగం తవ్వించి డబ్బు చేసుకున్న అడాల్ఫ్ సూట్రో. 1895లో ఊరికి మేయరయ్యాడు. ఆ చుట్టుపక్కల కొండలమీద జామాయిల్ చెట్లు నాటించింది ఆయనే. అవును, మన రోడ్ల పక్కన కనిపించే జామాయిలే! ఇప్పుడు టవర్ ఉన్నచోట ఆయన మనవడు భవంతి కట్టుకుంటే, 1948లో ఏబీసీ వాళ్ళు కొనేశారు. ఎత్తు మీద ఇల్లు కట్టుకుంటే ఎప్పటికైనా టీవీవాళ్ళ కన్ను పడుతుంది మరి.

ఇక పొగమంచు. ఆ ఊళ్ళో దానికి కార్ల్ అని పేరు కూడా పెట్టుకున్నారు, నిజం! కార్ల్ గారు వచ్చారంటే టవర్ నడుం దాకా మాయం. పైన కొమ్ములు మాత్రం తేలుతుంటాయి. ఇంతా చేస్తే టీవీ తరంగాలు మంచుని ఖాతరు చెయ్యవు. కొండ అడ్డం పడితేనే వాటికి చిక్కు.

అసలు వినోదం ఇక్కణ్ణించి. 2009 జూన్ 12న అమెరికాలో పెద్ద స్టేషన్లన్నీ అనలాగ్‌కి దణ్ణం పెట్టేసి డిజిటల్‌లోకి వచ్చేశాయి. హమ్మయ్య అనుకునేలోపు సెల్‌ఫోన్లు తయారు. మా చేతిలో బొమ్మలాడ్డానికి తరంగాలు చాలట్లేదు, టీవీవాళ్ళని కాస్త జరగమనండి అన్నాయి. వేలం వేశారు. 2017లో ముగిసింది. 1,900 కోట్ల డాలర్ల పైచిలుకు పలికింది! ఆ తర్వాత మూడేళ్ళపాటు దేశంలో వెయ్యి దాకా స్టేషన్లు ఛానళ్ళు మారాయి.

మారితే ఏముంది, మీట తిప్పడమేగా? కాదండీ బాబూ. తరంగం పొడవుని బట్టే యాంటెన్నా కొలత. ఏడో ఛానల్ తరంగం మీటరున్నర దాటి ఉంటుంది. ముప్ఫైలలో ఛానళ్ళది అటూఇటూగా అరమీటరు. ఒకదాని చొక్కా ఇంకోదానికి పట్టదు. కాబట్టి ఏడెనిమిది వందల అడుగుల ఎత్తున పాతది దించాలి, కొత్తది బిగించాలి. పైన గాలి. పక్కనే మిగతా స్టేషన్ల యాంటెన్నాలు. వాటి శక్తి ఒంటికి మంచిది కాదు. మనుషులు పైకెక్కాలంటే ఆ శక్తి తగ్గించాలి, లేదా ప్రసారాన్ని అదనపు యాంటెన్నా మీదకి మళ్ళించాలి. సాయంత్రం వార్తల వేళ ఆపితే ఊరుకుంటారా? అందుకే ఊరు పడుకున్నాక అర్ధరాత్రి కొలువు. పెళ్ళిలో బంతులు నడుస్తుండగానే వంటాయన పొయ్యి మార్చినట్టు! తిన్నవాళ్ళకి తెలియనే తెలియదు. నాకైతే సినిమా కన్నా ఇదే బాగుంటుంది.

ఇంకా తమాషా వినండి. ఈ సర్దుబాట్లన్నీ అయ్యాక, క్రాన్ అనే నాలుగో నంబరు ఛానల్ నిజంగా ప్రసారమయ్యేది ఏడులో. మరి ఏడో నంబరు కేజీవో? పన్నెండులో! రెండో నంబరు కేటీవీయూ ముప్ఫై ఒకటిలో. మీ టీవీ మాత్రం తెరమీద పాత నంబర్లే గంభీరంగా చూపిస్తుంది. నంబరు మారితే ప్రేక్షకుడు అలుగుతాడని దాని భయం.

చూసి రావచ్చా అని అడక్కండి, అదొక్కటే బాధ. టోక్యో టవర్ టిక్కెట్టు కొని ఎక్కొచ్చు. ఇక్కడ కంచె. లోపల ఒక కాలులో ఇరుకు లిఫ్టొకటి ఉంది, అదీ పనివాళ్ళకే.

సరే గానీ, ఈసారి ఫ్రీమాంట్ వెళ్ళినప్పుడు టీవీలో ఛానల్ రాలేదని మీ అబ్బాయిని సతాయించకండి. చిన్న యాంటెన్నా కొనిపించి కిటికీ దగ్గర పెట్టించండి. రిమోట్‌లో రీస్కాన్ నొక్కండి. డిజిటల్‌లో నీడలూ గీడలూ లేవు, వస్తే నిక్షేపంగా వస్తుంది, లేదంటే అస్సలు రాదు. వచ్చాక నెలనెలా బిల్లా? ఒక్క డాలరు కూడా కాదు. ఆ సంగతి మీ అబ్బాయికి చెప్పి చూడండి, నమ్మడు!