ఏ కాగితాల మధ్య కూర్చుంటావ్?

"పిన్నీ, ఫైనాన్సా, నాన్‌ప్రాఫిటా? ఒక్క ముక్కలో చెప్పెయ్" అంది మా అక్క కూతురు. ఒహాయోలో ఎంపీఏ, అంటే మాస్టర్ ఆఫ్ పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ చేస్తోంది. మొదటి సెమిస్టర్ అయిపోయింది, రెండోదానికి రిజిస్టర్ అయ్యేలోపు స్పెషలైజేషన్ ఏదో తేల్చుకోవాలి. ఒక్క ముక్కలో తేలే సంగతి కాదు. పైగా డల్లాస్ పక్కన ఒక ఊరి బడ్జెట్ ఆఫీసులో జీతం తీసుకుంటున్నదాన్ని, నాకూ ఒక పక్షపాతం ఉంది. అది ముందే చెప్పేసుకుంటే నయం: నేను ఫైనాన్స్ వైపు మనిషిని.

ముందు ఆ పిల్ల గాబరా తగ్గించాల్సి వచ్చింది. చాలా చోట్ల ఎంపీఏ అంటే 36 నుంచి 48 క్రెడిట్లు. కోర్ కోర్సులు, ఇంటర్న్‌షిప్, చివరన క్యాప్‌స్టోన్ పోతే స్పెషలైజేషన్‌కి మిగిలేవి మూడు, మహా అయితే నాలుగు కోర్సులు. పెళ్ళి సంబంధం ఖాయం చేసుకుంటున్నంత హైరానా దేనికి? ఇంటర్వ్యూ బోర్డులో కూర్చున్నప్పుడు నేను అభ్యర్థి కాగితంలో ముందు చూసేది ఇంటర్న్‌షిప్ ఎక్కడ చేశారు, అక్కడ చేతులతో ఏం పని చేశారు అని. స్పెషలైజేషన్ పేరు ఆ తర్వాత కనపడుతుంది, ఒక్కోసారి కనపడదు కూడా. అయినా ఆ మూడు కోర్సులే మన ప్రొఫెసర్లెవరో, వాళ్ళకి తెలిసిన ఆఫీసులేవో, ఇంటర్న్‌షిప్ ఎక్కడ దొరుకుతుందో నిర్ణయిస్తాయి. కాబట్టి కళ్ళు మూసుకుని టిక్కు పెట్టేదీ కాదు.

నేను హైదరాబాద్‌లో డిగ్రీలోనూ, తర్వాత అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్‌లోనూ చదివిన పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌లో ఈ బెడద లేదు. 1887లో ఉడ్రో విల్సన్ రాసిన వ్యాసం, వెబర్, హెర్బర్ట్ సైమన్, 1937 నాటి గ్యూలిక్ పోస్డ్‌కార్బ్... అన్నీ బట్టీ. ఉస్మానియా ఆచార్యుల సంపాదకత్వంలో వచ్చిన 'అడ్మినిస్ట్రేటివ్ థింకర్స్' పుస్తకం లేని కోచింగ్ గది ఉండేది కాదు. స్పెషలైజేషన్ ఊసే రాలేదంటే కారణం సులువు: అక్కడ ర్యాంకు వచ్చాక శాఖ వస్తుంది. వాణిజ్య పన్నుల శాఖో, మున్సిపల్ కమిషనర్ పోస్టో ప్రభుత్వమే ఇచ్చి, ఆ తర్వాత పని నేర్పుతుంది. ఇక్కడ, అమెరికాలో, దారి తిరగబడుతుంది. దేశం మొత్తానికి ఒక సర్వీస్ కమిషన్, ఒక నోటిఫికేషన్ అంటూ స్థానిక ఉద్యోగాలకి ఉండవు. కౌంటీలు, నగరాలు, టౌన్‌షిప్‌లు, స్కూల్ డిస్ట్రిక్టులు, నీటి డిస్ట్రిక్టులు అన్నీ కలిపి సుమారు 90 వేల స్థానిక ప్రభుత్వాలు, ఎవరి మనుషుల్ని వాళ్ళే తీసుకుంటారు. మనమే ముందు ఒక కుర్చీ అనుకుని, దాన్ని వెతుక్కుంటూ పోవాలి.

ఆ కుర్చీల్లో మనవాళ్ళకి బొత్తిగా కొత్తది సిటీ మేనేజర్‌ది. స్థానిక ప్రభుత్వం అనే స్పెషలైజేషన్ నిజానికి ఆ కుర్చీ కోసం పుట్టినదే. 1908లో వర్జీనియాలోని స్టాంటన్ అనే చిన్న ఊరు మొదటిసారి ఊరి వ్యవహారాలు నడపడానికి జీతానికి ఒక మనిషిని పెట్టుకుంది. మా అమ్మాయి ఉండే ఒహాయోలోనే డేటన్ నగరం 1913 వరదల్లో మునిగి, మరుసటి ఏడాది అదే పద్ధతికి మారింది. డల్లాస్ 1930ల నుంచీ అంతే. మేయరు రిబ్బన్లు కత్తిరిస్తాడు, కౌన్సిల్ విధానం చెబుతుంది, వేలమంది ఉద్యోగుల్ని నడిపేది మేనేజర్. మన మున్సిపల్ కమిషనర్‌ని రాష్ట్రం పంపిస్తుంది, రాష్ట్రమే బదిలీ చేస్తుంది. ఇక్కడ మేనేజర్‌ని కౌన్సిలే తెచ్చుకుంటుంది, ఓట్లు కూడితే అదే కౌన్సిల్ మంగళవారం రాత్రి మీటింగులో ఇంటికి పంపేస్తుంది. బదిలీ అనే మెత్తటి దారి లేదు. పిల్లల్ని స్కూళ్ళు మార్చడం ఇష్టంలేని వాళ్ళు ఈ స్పెషలైజేషన్ తీసుకునే ముందు ఆ ముక్క గుర్తుంచుకోవాలి.

ఇక నా పక్షపాతం సంగతి. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, అందుకని ఊళ్ళు ఇంటి పన్ను మీదా సేల్స్ ట్యాక్స్ మీదా బతుకుతాయి. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడి తెలుగు వాట్సాప్ గ్రూపులు చూడండి, ఇంటి విలువ ఎక్కువ కట్టారని ప్రొటెస్ట్ ఎలా వేయాలి, ఏ ఫొటోలు పెట్టాలి, పక్కవీధి ఇల్లు ఎంతకి పోయింది... మే 15 గడువు దాటేదాకా అదే గోల. ఆ వాదనల్లో చాలావరకు తేలి, జులై 25కల్లా ఊరి మొత్తం ఇళ్ళ విలువ ధ్రువపడి మా ఆఫీసుకి వస్తుంది. అక్టోబరు 1కి కొత్త ఆర్థిక సంవత్సరం. మధ్యలో రెండు నెలల్లో పోలీసుకెంత, పార్కుకెంత, లైబ్రరీకెంత అని తేల్చాలి. 2019లో వచ్చిన చట్టం ప్రకారం పాత ఇళ్ళ మీద నిర్వహణ ఖర్చుల కోసం వసూలు చేసే పన్ను ఏడాదికి మూడున్నర శాతం మించి పెరిగితే ఓటర్ల దగ్గరికి వెళ్ళాలి. అంతకుముందు ఆ గీత 8 శాతం దగ్గర ఉండేది. కొత్తగా కట్టిన ఇళ్ళు ఈ లెక్కలోకి రావు. అందుకే ఏటా కొత్త కాలనీలు లేస్తున్న ఊరికి ఊపిరి ఆడుతుంది, నేలంతా నిండిపోయిన పాత ఊరు గిలగిలలాడుతుంది. రెండు ఊళ్ళ రోడ్ల మీదా మనవాళ్ళ కార్లే తిరుగుతుంటాయి, ఈ తేడా ఎవరికీ తెలియదు. నాకు తెలుసు, తెలిసినందుకు కాస్త గర్వం కూడా.

బడ్జెట్ తెలిస్తే చాలు, మిగతావి వాటంతటవే వస్తాయని నేను కూడా అనను. 2014 ఏప్రిల్‌లో మిషిగన్‌లోని ఫ్లింట్ నగరం, రాష్ట్రం నియమించిన ఎమర్జెన్సీ మేనేజర్ పాలనలో, డబ్బు మిగులుతుందని డెట్రాయిట్ నీళ్ళు మానేసి ఫ్లింట్ నది నీళ్ళకి మారింది. పైపులు తుప్పు పట్టకుండా కలపాల్సిన రసాయనం కలపలేదు. పాత పైపుల్లోని సీసం కుళాయిల్లోకి దిగింది. మరుసటి ఏడాది అక్టోబరులో మళ్ళీ డెట్రాయిట్ నీళ్ళకే వచ్చారు, ఈలోపు పిల్లల ఒంట్లోకి పోవాల్సింది పోయింది. లెక్కల పట్టికలో అది పొదుపు. ఫైనాన్స్ తీసుకునేవాళ్ళు ఒక్క కోర్సైనా నీళ్ళో, ఆరోగ్యమో, పర్యావరణమో బయట నుంచి తీసుకోవాలని నేను పట్టుబట్టేది అందుకే. తలకిందులుగానూ జరుగుతుంది. 2016లో డల్లాస్ పోలీసు, ఫైర్ సిబ్బంది పెన్షన్ నిధి మునుగుతుందన్న భయంతో సభ్యులే అందులోంచి వందల మిలియన్ల డాలర్లు వెనక్కి తీసేసుకున్నారు. అనుభవజ్ఞులు ఉద్యోగం మానకుండా ఉండాలని ఎప్పుడో పెట్టిన పథకంలో హామీ వడ్డీ అంత తీపిగా ఉండేది. ఉద్యోగుల్ని నిలబెట్టుకోవడానికి చేసిన ఆలోచన, లెక్క తెలిసినవాళ్ళు గట్టిగా అడ్డు చెప్పక, నగరాన్నే కుదిపింది. మరుసటి ఏడాది శాసనసభ కొత్త చట్టం చేస్తేగానీ సర్దుకోలేదు.

నాన్‌ప్రాఫిట్ వైపు మా అమ్మాయికి మొగ్గు. సేవ అనే మాట ఆ వయసులో లాగుతుంది, తప్పేం లేదు. కానీ ఆ కోర్సుల్లో నేర్పేది విరాళాలు ఎలా అడగాలి, బోర్డు సభ్యుల్ని ఎలా ఓర్చుకోవాలి, ఏడాదిలో పది లక్షల డాలర్ల ఫెడరల్ గ్రాంటు ఖర్చు దాటితే వచ్చి పడే ఆడిట్‌కి ఎలా సిద్ధం కావాలి అని. "తానా, ఆటా కూడా నాన్‌ప్రాఫిట్లేనే, అవి ఏటా దాఖలు చేసే 990 ఫారాలు ఎవరైనా చదువుకోవచ్చు, ఓ రాత్రి కూర్చుని చదువు" అన్నాను. నవ్వింది. నేను నవ్వడానికి చెప్పలేదు.

ఎందుకంటే ఎవరడిగినా నేను చెప్పే పరీక్ష అదొక్కటే. ఒక ఊరి బడ్జెట్ పుస్తకం, ఒక సంస్థ 990, ఒక కౌంటీ విపత్తు ప్రణాళిక, ఒక పాలసీ మెమో, నాలుగూ దింపుకో. నాలుగూ నీరసంగానే ఉంటాయి. ఏ నీరసాన్ని నలభయ్యో పేజీ దాకా భరించావో, ఎక్కడ పెన్ను తీసి మార్జిన్‌లో ప్రశ్న రాశావో చూసుకో. ఈ ఉద్యోగాల్లో రోజులో ఎక్కువ భాగం కాగితాలతోనే గడుస్తుంది, ఆశయాలు పెద్దగా ఎదురుపడవు.

విపత్తు నిర్వహణ అనే స్పెషలైజేషన్‌ని మనవాళ్ళు చిన్నచూపు చూస్తారు. 2021 ఫిబ్రవరిలో మంచు తుఫానుకి టెక్సస్‌లో కరెంటు పోయి, రాష్ట్రం లెక్క ప్రకారమే 246 మంది చనిపోయారు. అప్పటినుంచీ ఆ కుర్చీ అంటే నాకు గౌరవం. మాకు దగ్గర్లోనే డెంటన్‌లో నార్త్ టెక్సస్ యూనివర్సిటీ 1983 నుంచే ఇందులో డిగ్రీ ఇస్తోంది. పాలసీ అనాలిసిస్ గురించి నా దగ్గర చెప్పడానికి పెద్దగా లేదు. గణాంకాలు ఇష్టమైతే తీసుకోండి.

ఇవన్నీ చెప్పాక అసలు మాట వీసా. నేను ఎంపీఏ చేసేనాటికి నా చేతిలో హెచ్-4 ఈఏడీ, అంటే పని అనుమతి ఉంది, సాయంత్రం క్లాసులు, పగలు ఏ ఊళ్ళోనైనా పని. మా అమ్మాయిది ఎఫ్-1 విద్యార్థి వీసా. ఫెడరల్ ఉద్యోగాలు దాదాపు అన్నీ పౌరులకే. ఊళ్ళూ కౌంటీలూ హెచ్-1బి స్పాన్సర్ చేయడం అరుదు. "ఐ-20 తీసి అందులో నీ కోర్సుకిచ్చిన సిప్ కోడ్ చదువు" అన్నాను. 44.0401. అంటే మామూలు పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్, స్టెమ్ జాబితాలో లేదు. చదువయ్యాక పని చేసుకోనిచ్చే ఓపీటీ పన్నెండు నెలలే, స్టెమ్ వాళ్ళకి పైన ఇచ్చే ఇరవై నాలుగు నెలలు రావు. స్పెషలైజేషన్ మారిస్తే కోడ్ మారదు, డిగ్రీ ప్రోగ్రామే వేరే కోడ్ కింద ఉండాలి. డేటా అనలిటిక్స్ అని స్పెషలైజేషన్ పేరు చూసి మురిసిపోయే పిల్లలు ఈ సంగతి అడ్మిషన్‌కి ముందే కనుక్కోవాలి.

ఒక దారి ఉంది. యూనివర్సిటీలకీ, వాటికి అనుబంధంగా ఉండే లాభాపేక్ష లేని సంస్థలకీ హెచ్-1బి లాటరీ లేదు. చాలా పబ్లిక్ యూనివర్సిటీల్లో ఊళ్ళకి బడ్జెట్, పన్నుల లెక్కలు చేసిపెట్టే పరిశోధన కేంద్రాలుంటాయి. వాటికి కావాల్సింది ఊరి లెక్కలు చదవగలిగే మనిషి. నా పక్షపాతానికి అక్కడ కాస్త బలం దొరికింది గానీ, 990 చదవగలిగినవాళ్ళకీ అక్కడ చోటుంటుంది.

స్పెషలైజేషన్ ఫారానికి ఇంకా గడువుంది. వేసవి ఇంటర్న్‌షిప్‌లకి చాలా కౌంటీలు చలికాలంలోనే దరఖాస్తులు తీసుకుంటాయి. ముందు అవి పంపి, చదువుతుండగా పని చేయనిచ్చే సీపీటీకి ఎప్పుడు అర్హత వస్తుందో ఇంటర్నేషనల్ ఆఫీసులో కనుక్కుని, ఆ తర్వాత ఫారం నింపమన్నాను. ఒహాయోలో కౌంటీ ఆడిటర్‌ని జనమే ఎన్నుకుంటారు, ఇళ్ళ విలువ కట్టేది ఆ ఆఫీసే. అక్కడికి ఒక దరఖాస్తు, ఫుడ్ బ్యాంకుకి ఒకటి పంపిందట.