పాట సరే, తేదీ ఏదీ?

ఆవకాయ జాడీకి చీటీ అంటించే అలవాటు మీలో ఎంతమందికుంది? ఏ ఏడు పెట్టిందీ, ఏ తోట కాయా, అన్నీ ఆ చీటీ మీదే ఉంటాయి. జాడీ మార్చామనుకోండి, ఊరగాయ కొత్తదాంట్లోకి వస్తుంది, చీటీ పాతదాని మీదే ఉండిపోతుంది. కంప్యూటర్లలోనూ ఇదే తంతు జరుగుతుందని ఈ మధ్యనే తెలిసింది. బి.ఏ. చదివినదాన్ని, నాకు కంప్యూటరంటే నవలలు టైపు చేసుకునే పెట్టె, అంతే!

చిత్తూరులో మా అమ్మ తన ఫోనులో పాటలు పాడి దాచుకునేది. మొత్తం 23. పేర్లు కూడా తనే పెట్టింది: జోల, మంగళహారతి, పెద్దమ్మ పాట... 2021లో అమ్మ పోయాక తమ్ముడు వాటిని పెన్‌డ్రైవులోకి ఎక్కించమని ఒక షాపులో ఇచ్చాడు. పాటలన్నీ క్షేమంగా వచ్చాయి. తేదీలు మాత్రం అన్నిటికీ ఒకటే, షాపులో కాపీ చేసిన రోజు! ఆ తర్వాత కొన్నాళ్ళకే ఫోను కూడా చచ్చిపోయింది.

తేదీలతో ఏం పనంటారా? నాన్న 2018 డిసెంబరులో పోయారు. ఆ తర్వాత అమ్మ పాట మేమెవరం వినలేదు. "నాన్నతోనే అమ్మ గొంతూ పోయిందే" అని వేలూరు నుంచి అక్క ఫోను చేసినప్పుడల్లా అనేది. ఆ 23లో ఒక్కటైనా తర్వాత పాడిందా? అదీ నాకు కావలసింది.

బెంగుళూరులో ఉన్న మేనల్లుణ్ణి పట్టుకున్నాను. వాడు రాసేవి తెర మీద బొమ్మలు చూపే ప్రోగ్రాములు కావట, యంత్రానికి అడుగున, డిస్కుతో నేరుగా మాట్లాడేవట. "అత్తా, ఫైలు వేరే, దాని సమాచారం వేరే. ఎప్పుడు పుట్టింది, ఎప్పుడు మారింది, ఎవరిది, ఎవరు తెరవచ్చు, ఇదంతా ఫైల్లో ఉండదు. డిస్కు రాసుకునే పద్దులో ఉంటుంది. ఒక్కొక్క సిస్టముది ఒక్కొక్క పద్దు" అన్నాడు.

ఆ పద్దుల కథ వింటే మన పంచాంగాలే నయమనిపించింది. యునిక్స్ వంశంవాళ్ళు 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెడతారు. విండోస్ 1601 నుంచి మొదలుపెట్టి సెకనును కోటి ముక్కలు చేస్తుంది. పెన్‌డ్రైవుల్లో తరచుగా ఉండే ఫ్యాట్ అనే పాత పద్ధతికి కాలం 1980లో పుట్టింది; మార్చిన వేళ రెండేసి సెకన్ల చొప్పునే తెలుసు, అది ఏ దేశపు గడియారమో తెలీదు. ఎవరు తెరవచ్చో రాసుకోవడానికి యునిక్స్‌కు తొమ్మిది గళ్ళుంటే, ఫ్యాట్‌లో 'ముట్టుకోవద్దు' అనే గుర్తు తప్ప చోటే లేదు. ఇంకో చోద్యం: పాత యునిక్స్ పద్దులో పుట్టిన తేదీకి అసలు గడే లేదట! లినక్స్‌లో అది అడిగి తెలుసుకునే దారి 2017లో గానీ రాలేదు. విండోస్‌లో ఫైలు కాపీ చేస్తే మారిన తేదీ పాతదే ఉంటుంది, పుట్టిన తేదీ ఇవాళ్టిదవుతుంది. అంటే పుట్టకముందే పెరిగిందన్నమాట.

"గడి లేనప్పుడు మీ ప్రోగ్రాము ఏం చేస్తుందిరా?" అన్నాను.

"అక్కడే మనిషి బుద్ధి బయటపడేది. కొందరు సున్నా పెట్టేస్తారు. సున్నా అంటే మనకు 1970 జనవరి 1, పొద్దున అయిదున్నర."

అప్పటికి మా అమ్మకు పెళ్ళే కాలేదు! రస్ట్ అనే భాషలో పుట్టిన తేదీ అడిగితే, లేనిచోట లేదనే చెబుతుందట. నాకా భాష మీద గౌరవం కలిగింది. తెలియనిది తెలియదనడం మనుషులకే కష్టం.

మా ఊరివాళ్ళకు అన్నమయ్య రాగిరేకులు గుర్తుకు రాకుండా ఉంటాయా? 1922లో తిరుమల గుళ్ళో బయటపడ్డ ఆ రేకుల మీద ప్రతి పాటకూ రాగం పేరు చెక్కారు. మొదటి రేకులో శకవర్షాలతో సహా తేదీలున్నాయి. శకానికి 78 కలిపి సరిచూస్తే చాలు, 1503లో ఆయన పోయిన రోజు దాకా తేలుతుంది. రేకు ఎవరింటికి వెళ్ళినా రేకుతోపాటే తేదీ. వరసకు మాత్రం రేకులో చోటు లేకపోయింది, అది పోయింది. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు మళ్ళీ కట్టవలసి వచ్చింది.

ఈ మాట అంటే మావాడు కాసేపు ఊరుకుని, "ఉండత్తా, రేకు మీదే చెక్కినట్టు ఆ ఫైళ్ళ లోపల కూడా ఉంటుంది" అన్నాడు. ఆ రకం పాటల ఫైలు తన పొట్టలోనే రికార్డయిన వేళ రాసుకుంటుందట, 1904 నుంచి సెకన్లు లెక్కేసి. కాపీ చేసేవాడు పొట్ట ముట్టడు. అన్నింటినీ చదివే ప్రోగ్రాము ఒకటి ఆ రాత్రే రాసి పంపాడు.

'పెద్దమ్మ పాట' దగ్గర 2019 మార్చి, రాత్రి 10:50 అని వచ్చింది. నాకు నమ్మకం కలగలేదు. ఎనిమిదిన్నరకల్లా పడుకునే మనిషి అమ్మ! "అది లండను వేళత్తా, అయిదున్నర గంటలు కలుపు" అన్నాడు. కలిపితే మర్నాడు తెల్లవారుజామున 4:20. అమ్మ లేచే వేళే. మళ్ళీ విన్నాను. పాట వెనకాల ఎక్కడో పాలవాడి సైకిలు గంట వినబడుతోంది. ఇన్నిసార్లు విన్నా అది పాలవాడిదని తట్టలేదు.

అంటే నాన్న పోయిన మూడు నెలలకు, ఎవరూ లేవకముందు, అమ్మ పాడుకుంది.

అక్కకు ఫోను చేసి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా, "మిగతావో?" అంది. 19కి తేదీలు దొరికాయి. నాలుగు ఇంకా పాత ఫోనులోవి, వాటి పొట్టలో ఏమీ రాసుకోలేదు. మావాడి ప్రోగ్రాము వాటి ఎదుట 'తెలియదు' అని వేసింది. నేనూ నోటుపుస్తకంలో అలాగే రాసుకున్నాను. అందులో జోలపాట తన కొడుకు బారసాలకు పాడిందేనని అక్క పట్టు. కాదు, నా కూతురిదని నేను.