కేంద్రకము గల కణము – కేంద్రకము లేని కణము

గత వర్షాకాలమున బందరులో మా తరగతి బాలురకు సూక్ష్మదర్శినిలో రెండు వస్తువులను జూపితిమి. ఒకటి అయొడిన్ చుక్క వేసిన ఉల్లిపొర; రెండవది గుడివాడ చేరువ వరిమడినుండి తెచ్చిన నీటిచుక్క. ఉల్లిపొరలోని కణములందు కేంద్రకము స్పష్టముగ గానవచ్చినది. నీటిలోని నీలిహరిత శైవలము పూసలదండవలె నుండెను గాని యే పూసయందును కేంద్రకము లేదు. మొదటివి నిజకేంద్రక కణములనియు, రెండవవి కేంద్రకపూర్వ కణములనియు, మన దేహకణములు మొదటి జాతివనియు, కలరా కలిగించు బాక్టీరియా రెండవ జాతిదనియు వల్లె వేయించితిమి.

అంతట దివిసీమ బాలు డొకడు లేచి, "అయ్యగారూ! నిరుడు మా చెల్లెలికి వాంతిభేది వచ్చినపుడు వైద్యులు మందిచ్చిరి. ఆ మందు సూక్ష్మజీవిని చంపి, మా చెల్లెలిని ఏల చంపలేదు? రెండును కణములే గదా!" యని యడిగెను. "అది పరీక్షలో రాదు, కూర్చుండుము" అంటిమి. బాలుడు తల వంచుకొనెను. నిజమునకు మాకే సమాధానము తెలియదు. ఇన్నియేండ్లు ఆ భేదములను పట్టికగా వ్రాయించితిమే గాని, అవి యెందుకు పనికివచ్చునో యోచింపలేదు. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

గ్రంథములు తిరుగవేయగా సంగతి తెలిసినది. మాంసకృత్తులను నిర్మించు రైబోసోములు రెండు జాతులందును గలవు. స్వెడ్బర్గ్ మానమున బాక్టీరియాలోనివి 70, మన కణద్రవములోనివి 80. టెట్రాసైక్లిన్ జాతి మందు మొదటిదానిని పట్టుకొని పని నిలుపును. రెండవదాని నంతగా నంటదు. ఈ జాతిలో మొదటిదగు ఆరియోమైసిన్ 1948లో లోకమునకు వెల్లడియయ్యెను. దానిని కనుగొన్నవారు డగ్గర్ పండితులు. ఆ ప్రయోగశాలలో పరిశోధనాధ్యక్షులు 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. వింత యేమన, ఆ మందు నిచ్చునదియు నేలలోని యొక కేంద్రకపూర్వ జీవియే.

మరునాడు తరగతి యెదుట ఆ బాలుని క్షమింపుమని వేడి యిట్లు చెప్పితిమి: "నాయనా, ఆ మందు చంపుటకంటె పనిని ఆపుట మిన్నగా చేయును. ప్రాణము నిలిపినది ముఖ్యముగా ఉప్పు, చక్కెర కలిపిన నీరు. మన కణములలోని మైటోకాండ్రియాలందును బాక్టీరియా రైబోసోములను బోలినవి గలవు. కావున వైద్యుల మాట లేక అట్టి మందు మ్రింగరాదు."

బాలుడు క్షణ మాలోచించి, "అట్లయిన మడిలోని నీలిహరిత శైవలము పనియు నాగునా?" యనెను. ఆగును. కాని అందు పెక్కు రకములు గాలిలోని నత్రజనిని గ్రహించి వరికి బలమిచ్చును. కేంద్రకము లేనివన్నియు శత్రువులు గావు.

విద్యార్థులారా, పరీక్షలో రాని ప్రశ్నను అడుగుటకు వెనుదీయకుడు. ఉపాధ్యాయులమగు మేము దానిని అణచక నేర్చుకొందుము గాక.